వాన జాగ్రత్తల్లో టైరు ఊసే లేదేం?

సంపాదకులు గారికి నమస్కారం.

పోయిన ఆదివారం మీ బెంగళూరు అనుబంధంలో, వానలో కారు నడిపేవాళ్ళకు జాగ్రత్తలంటూ అర పేజీ వేశారు. వైపర్లు మార్చుకోమన్నారు. అద్దాలకు ఆవిరి పట్టకుండా ఏసీ వేసుకోమన్నారు. గొడుగు, టార్చిలైటు, ఫోను చార్జరు దగ్గర పెట్టుకోమన్నారు. హజార్డ్ లైట్లు, అంటే నాలుగు ఇండికేటర్లూ ఒకేసారి మిణుకుమనేవి, వేసుకుని నడపమని కూడా ఉంది, దాని సంగతి కింద చెప్తాను. చివరిదాకా చదివాను. టైర్ల గురించి ఒక్క ముక్క లేదు.

నాకు మారతహళ్లిలో టైర్ల షాపు ఉంది. సొంతూరు హిందూపురం దగ్గర పల్లె. టైర్లు అమ్ముకునేవాడు టైర్ల గురించి కాక ఇంకేం రాస్తాడులే అనుకుంటారేమో. అనుకోండి, తప్పు లేదు. కాకపోతే నేను రాయబోయేవాటిలో చాలావాటికి పైసా ఖర్చు లేదు. గాలి చూసినందుకు నేను డబ్బులు తీసుకోను.

దసరా, దీపావళి ముందు మా షాపు దగ్గర కార్లు వరుస కడతాయి. వచ్చేవాళ్ళలో ఎక్కువమంది మనవాళ్ళే. హెబ్బాళ మీదుగా 44వ నంబరు హైవే ఎక్కి అనంతపురం, కర్నూలు, హైదరాబాదు పోయేవాళ్ళు కొందరు. కోలారు, ముళబాగిలు మీదుగా చిత్తూరు, తిరుపతి వైపు పోయేవాళ్ళు కొందరు. పగలంతా ఆఫీసు, రాత్రికి ప్రయాణం. "అన్నా, ఊరికి పోతాండాం, బిరీన గాలి చూడు" అంటూ ఇంజను ఆపకుండానే నిలబడతారు. బెంగళూరులో ఏడాది మొత్తం మీద ఎక్కువ వాన పడేది సెప్టెంబరులో, దాని తర్వాత అక్టోబరులో. మన సీమలోనూ ఇంచుమించు అదే కాలం. జనం పండక్కి ఊరెళ్ళే రోజులూ, రోడ్డు తడిసి ఉండే రోజులూ ఒకటే అన్నమాట.

2023 మే 21న ఇక్కడ కె.ఆర్. సర్కిల్ అండర్‌పాస్‌లో వాన నీళ్ళు నిండి, అందులో చిక్కుకున్న కారులో ఉన్న మన తెలుగమ్మాయి ఒకరు చనిపోయింది. మీ పేపర్లోనూ పెద్ద వార్తే వచ్చింది. ఆ తర్వాత నా కస్టమర్లు చాలామంది అండర్‌పాస్ కనబడితే ఆగి, ముందు పోయే బండి ఎంత మునుగుతోందో చూసి దిగుతున్నారు. ఆగాల్సిందే. లోతు తెలియని నీళ్ళలోకి కారు దించకూడదు. కానీ మోకాలి లోతు నీళ్ళంటే ఉన్న భయం మూడు మిల్లీమీటర్ల నీళ్ళంటే ఎవరికీ లేదు. హైవే మీద వేగంగా పోయే కారును దెబ్బ తీసేది ఆ పల్చటి నీళ్ళే. రాత్రిపూట అవి నీళ్ళలా కనబడవు కూడా. రోడ్డు కాస్త ఎక్కువ మెరుస్తున్నట్టు ఉంటుంది, అంతే.

దీన్ని హైడ్రోప్లేనింగ్ అంటారు. జరిగేది ఇదీ: టైరు ముందుకు దొర్లుతూ తన కిందికొచ్చే నీటిని పక్కలకు నెట్టేయాలి. టైరు మీద చాళ్ళు తీసింది అందుకే, అందానికి కాదు. నెట్టేదానికంటే వచ్చే నీళ్ళు ఎక్కువైతే అవి టైరు ముందు గుట్టగా చేరి, టైరు కిందికి దూరి, దాన్ని రోడ్డు మీంచి పైకి లేపేస్తాయి. అక్కణ్ణుంచి కారు నీటి పొర మీద జారుతూ పోతుంది. స్టీరింగు తిప్పినా తిరగదు, బ్రేకు తొక్కినా ఆగదు.

ఎన్ని నీళ్ళు నెట్టాలో ఒకసారి లెక్క కట్టి చూడండి. మామూలు చిన్న కారు టైరు వెడల్పు 185 మిల్లీమీటర్లు. రోడ్డు మీద 3 మిల్లీమీటర్ల నీరు ఉందనుకుందాం. కారు వేగం గంటకు 80 కిలోమీటర్లు, అంటే సెకనుకు 22 మీటర్ల పైచిలుకు. మూడూ గుణిస్తే ఒక్కో ముందు టైరు సెకనుకు 12 లీటర్ల నీళ్ళు పక్కకు తోయాలి. బెంగళూరులో ఇంటింటికీ వేసే 20 లీటర్ల నీళ్ళ క్యాను ఉంటుంది కదా, దాన్ని రెండు సెకన్లు తిరక్కముందే ఖాళీ చేసినంత పని అది. వేగం 100కు పెంచితే సెకనుకు 15 లీటర్లు దాటుతుంది. ఇంత పనీ చేయడానికి టైరు రోడ్డును తాకే చోటు మన అరచేతికంటే కాస్త పెద్దది, అంతకుమించి లేదు.

ఇక గాలి. నాకు బాగా కోపం తెప్పించేది ఇదే. వానలు మొదలవగానే కొందరు వచ్చి, "జారతా ఉందన్నా, గాలి ఐదారు పాయింట్లు తగ్గించు, గ్రిప్పు బాగుంటాది" అంటారు. పాయింటంటే గాలి ఒత్తిడి కొలత, పీఎస్ఐ. ఇది ఎక్కడ పుట్టిందో నాకు తెలుసు. ఇసుకలో, బురదలో జీపులు నడిపేవాళ్ళు గాలి తగ్గిస్తారు, వాళ్ళకది పనికొస్తుంది. తార్రోడ్డు మీద నీళ్ళలో లెక్క తలకిందులు. నేను నోటితో చెప్తే ఎవరూ వినేవాళ్ళు కాదు. మా షాపుకు ఒక పెద్దాయన వస్తుంటారు, హెచ్‌ఏఎల్‌లో విమానాల పని చేసి రిటైరయ్యారు. ఆయన చెప్పిన లెక్క ఇప్పుడు కంప్రెసరు పక్కన గోడ మీద రాసి పెట్టాను.

తడి రన్‌వేల మీద విమానాలు ఎందుకు జారిపోతున్నాయో పరీక్షలు చేసి, అమెరికాలో నాసా వాళ్ళు 1963లో ప్రచురించిన లెక్క అది. టైరులో గాలి ఎన్ని పాయింట్లుందో చూసి, దాని వర్గమూలాన్ని 9తో గుణిస్తే, ఆ టైరు నీటి మీద తేలే వేగం నాట్లలో (విమానాల వేగం కొలిచే లెక్క) వస్తుంది. గంటకు కిలోమీటర్లలో కావాలంటే 9కి బదులు సుమారు 16.7. టైరులో 36 పాయింట్లుంటే వర్గమూలం 6, వేగం 100 కిలోమీటర్లు. 25 పాయింట్లుంటే వర్గమూలం 5, వేగం 83. ఇప్పుడు గాలి తగ్గించమన్న మనిషి చిక్కబళ్ళాపురం దాటాక 90లో పోతున్నాడనుకోండి. ఈ లెక్కన 36 ఉన్న టైరు ఇంకా రోడ్డు మీదే ఉంటుంది. 25 ఉన్నది ఎప్పుడో లేచిపోయి ఉంటుంది. గాలి తగ్గినప్పుడు టైరు మధ్యభాగం లోపలికి నొక్కుకుపోతుంది, చాళ్ళు మూసుకుంటాయి, నీళ్ళు బయటికి పోయే దారే ఉండదు.

ఇది విమానం టైరుకు కట్టిన లెక్క, అదీ నీళ్ళు బాగా నిలిచినప్పటిది. కారు టైరు, అందులోనూ అరిగిన టైరు, ఇంతకంటే తక్కువ వేగానికే తేలిపోవచ్చు. "నాకు 36 ఉంది, 99లో పోతా" అని మాత్రం ఎవరూ బయల్దేరకండి. గోడ మీద రాసింది చదివి ఒకతను నిజంగానే ఆ మాట అన్నాడు, సాఫ్ట్‌వేరు బుర్ర. అలాగని 45 కొట్టించుకున్నా తప్పే. టైరు మధ్యలో ఉబ్బి, రోడ్డును పట్టుకునే చోటు తగ్గిపోతుంది.

మరి ఎంత కొట్టించాలి? మన వాళ్ళకు 32 అనే అంకె నోటికి అతుక్కుపోయింది. ఏ కారైనా 32. డ్రైవరు వైపు డోరు తెరిస్తే పక్క కంబానికి చిన్న స్టిక్కరు ఉంటుంది, ఆ కారు చేసినవాళ్ళే అంటించింది. చాలా కార్లలో దాని మీద రెండు అంకెలుంటాయి. ఇద్దరు ముగ్గురు కూర్చుంటే ఒకటి, నిండా మనుషులూ సామానూ ఉంటే ఇంకొకటి, అది ఎక్కువ ఉంటుంది. పండక్కి ఊరికి పోయేటప్పుడు కావలసింది ఆ రెండోది. ఆ రోజు బియ్యం మూట దగ్గర్నుంచి అత్తగారి దాకా అందరూ కారులోనే ఉంటారు కదా. టైరు చల్లగా ఉన్నప్పుడే కొలవాలి. ఎలక్ట్రానిక్ సిటీ నుంచి ఎండలో, ట్రాఫిక్‌లో వచ్చి నా దగ్గర కొలిస్తే రెండు మూడు పాయింట్లు ఎక్కువే చూపిస్తుంది. అది చూసి "ఎక్కువుందన్నా, తీసెయ్" అనేవాళ్ళున్నారు. నైట్రోజన్ కొట్టించాం, ఇంక చూడక్కర్లేదు అనేవాళ్ళూ ఉన్నారు. మామూలు గాలిలోనే 78 శాతం నైట్రోజన్ ఉంది. ఏది కొట్టించినా నెలకోసారి అంకె చూసుకోవాలి.

అదే లెక్కతో లారీ సంగతీ తెలుస్తుంది. లారీ టైర్లలో గాలి మామూలుగా 100 పాయింట్లకు తగ్గదు. వందకు వర్గమూలం 10, అంటే నాసా లెక్క ప్రకారం లోడుతో ఉన్న లారీ టైరు తేలాలంటే గంటకు 160 కిలోమీటర్లు దాటాలి. ఏ లారీ అంత వేగం పోదు. అందుకే బాగేపల్లి దగ్గర కుండపోతగా కురుస్తున్నా సరుకు లారీ నీళ్ళు చిమ్ముకుంటూ దూసుకుపోతుంది. వెనక కారులో ఉన్నవాడు "వాడే పోతున్నాడు, మనకేం" అని ఆక్సిలరేటరు తొక్కుతాడు. లారీ కింద రోడ్డు ఉంటుంది, వీడి కింద నీళ్ళుంటాయి. ఖాళీ లారీ వేరే కథ. బరువు లేనప్పుడు అది కూడా తక్కువ వేగానికే తేలుతుంది, పైగా వెనక భాగం పక్కకు ఊగుతుంది. వానలో ఖాళీ కంటైనరు పక్కన ఎక్కువసేపు పోకపోవడం మంచిది.

టైరు అరుగుదల దగ్గరికి వస్తాను. కొత్త కారు టైరులో చాళ్ళ లోతు దాదాపు 8 మిల్లీమీటర్లు. 1.6కు తగ్గితే ఆ కారు రోడ్డు మీద తిరగకూడదని మన మోటారు వాహనాల నిబంధనల్లోనే ఉంది. చాళ్ళ అడుగున అక్కడక్కడా చిన్న రబ్బరు కట్టలు అడ్డంగా ఉంటాయి, టైరు అరిగి వాటితో సమానమైందంటే 1.6కు వచ్చేసినట్టు. కానీ ఆ అంకె చట్టానికి సరిపోతుంది గానీ వానకు సరిపోదు. 3 మిల్లీమీటర్ల దగ్గరికి వచ్చిందంటే వానాకాలం మొదలవకముందే మార్చుకోమని చెప్తాను. వెంటనే ముఖం చిట్లిస్తారు, "బటన్ ఇంకా ఉంది కదన్నా" అని. బటనంటే చాళ్ళ మధ్య మిగిలిన రబ్బరు. నేను వాదించను. చాళ్ళ లోతు కొలిచే గేజు చేతికిచ్చి వాళ్ళనే కొలుచుకోమంటాను. లక్ష రూపాయలు ఎక్కువ పెట్టి సన్‌రూఫ్ ఉన్న కారు తీసుకున్నవాళ్ళు నాలుగు టైర్ల దగ్గర బేరమాడతారు, అదొకటి నాకు అర్థం కాదు.

కొలిచేటప్పుడు ఒకచోటే కొలవకండి. పార్కింగులో నిలబడి చూస్తే టైరు బయటి అంచే కనబడుతుంది, అది కొత్తదానిలా ఉంటుంది. స్టీరింగు పూర్తిగా ఒక పక్కకు తిప్పి, వంగి, లోపలి అంచు మీద చెయ్యి పెట్టి చూడండి. మన బెంగళూరు గుంతలకూ, లెక్కాపత్రం లేని స్పీడు బ్రేకర్లకూ చక్రాల వరస తప్పి, అలైన్‌మెంటు పోతే లోపలి అంచు మాత్రమే అరుగుతుంది. బయట చూస్తే 5 మిల్లీమీటర్లు, లోపల చూస్తే నున్నగా గోలీలా ఉన్న టైర్లు నేను తరచూ విప్పుతుంటాను. వాళ్ళు అప్పటిదాకా దాని మీదే ఊరికి పోయి వచ్చి ఉంటారు. కారు ఒక పక్కకు లాగుతున్నా, స్టీరింగు నేరుగా పట్టుకుంటే లోగో వంకరగా ఉన్నా అలైన్‌మెంటు చూపించుకోవాలి.

షాపులో అందరికంటే ఎక్కువ గొడవ రెండే టైర్లు మార్చుకునేవాళ్ళతో వస్తుంది. మనం వాడే కార్లు చాలావరకు ముందు చక్రాలతో లాగేవి, కాబట్టి ముందు టైర్లు తొందరగా అరుగుతాయి. రెండు కొత్తవి కొని, "ముందరికి ఎయ్యన్నా" అంటారు. నేను కొత్తవి వెనక్కి వేసి, వెనకవి ముందుకు తెస్తానంటాను. అంతే, మొదలు. "స్టీరింగు ముందరుంది, బ్రేకు ఎక్కువ పడేదీ ముందరే, కొత్తవి వెనక ఎందుకు?" అని ఎదురు ప్రశ్న. టైర్లు తయారుచేసే కంపెనీలు కూడా వెనక్కే వేయమంటాయి. కారణం ఇదీ. ముందు టైర్లు తేలితే కారు తిన్నగా పోతుంది, స్టీరింగు తేలికైపోయి చేతికి తెలుస్తుంది, కాలు తీస్తే మళ్ళీ పట్టు దొరికే అవకాశం ఉంది. వెనక టైర్లు తేలితే కారు వెనక భాగం పక్కకు తిరిగి, బండి గిర్రున తిరుగుతుంది. దాన్ని నిలబెట్టడం మనలాంటి మామూలు డ్రైవర్ల వల్ల కాదు. పైగా ముందు టైర్లలా వెనకవి చేతికి ఏ సంకేతమూ ఇవ్వవు. ఇంత చెప్పినా కొందరు ముందుకే వేయించుకుని పోతారు. కారు వాళ్ళది, నేను చేసేదేముంది. ఎనిమిది పదివేల కిలోమీటర్లకోసారి ముందువీ వెనకవీ మార్పించుకుంటూ ఉంటే నాలుగూ ఒకేలా అరుగుతాయి, ఈ గొడవే రాదు.

ఇంటి నుంచి పనిచేసేవాళ్ళ కార్లతో ఇంకో చిక్కు. కారు నెలల తరబడి అపార్ట్‌మెంటు కింద ఉంటుంది, టైరు అరగదు, చూడ్డానికి నిండుగా ఉంటుంది. కానీ రబ్బరు వయసుతో గట్టిపడుతుంది, తడి రోడ్డును పట్టుకోదు. టైరు పక్కన నాలుగంకెల కోడు ఉంటుంది. 2318 అని ఉంటే 2018లో 23వ వారం తయారైందని. ఆరేళ్ళు దాటిన టైరుతో వానలో హైవే ఎక్కే ముందు ఎవరికైనా తెలిసినవాళ్ళకు చూపించండి. పగుళ్ళు టైరు పక్క గోడల మీదే కాదు, చాళ్ళ అడుగున కూడా వస్తాయి.

సెకండ్ హ్యాండ్ టైర్ల గురించి ఒక్క మాట. పూర్తిగా అరిగిన కారు టైరుకు వేడి బ్లేడుతో మళ్ళీ చాళ్ళు కోసి, నల్లరంగు పూసి అమ్ముతారు. చూపుకు కొత్తదే. అక్కడ కోసింది రబ్బరు కాదు, మన ప్రాణాన్ని కాపాడే పొర. ఇంకాస్త లోతుగా కోస్తే లోపలి తీగె బయటపడుతుంది. టాక్సీలు నడుపుకునే తమ్ముళ్ళు డబ్బులకు ఇబ్బందిపడి ఇవి వేసుకుంటారని తెలుసు, వాళ్ళను తిట్టబుద్ధి కాదు. అమ్మేవాళ్ళను తిట్టాలి. చాళ్ళ అడుగున రంగు తేడాగా ఉన్నా, అంచులు కత్తితో కోసినట్టున్నా, పైన చెప్పిన అడ్డకట్టలు కనబడకపోయినా ఆ టైరు వద్దు.

నడపడం గురించి నాకంటే బాగా తెలిసినవాళ్ళు మీ పాఠకుల్లో ఉంటారు. అయినా టైరు వైపు నుంచి చూసి కొన్ని చెప్తాను. నాలుగు వరుసల హైవే మీద కార్లకు గరిష్ఠ వేగం గంటకు 100 అని కేంద్రం 2018లో పెట్టింది. అది ఎండిన రోడ్డుకు. నీళ్ళు నిలిచిన చోట 60, 70 దాటకుండా పొండి, అరగంట ఆలస్యమవుతుంది, అంతకంటే ఏం కాదు. చాలా రోజులు ఎండ కాసి పడిన మొదటి వానలో మొదటి పావుగంట ఇంకా జాగ్రత్త, రోడ్డు మీది ఆయిలూ దుమ్మూ నీళ్ళతో కలిసి జారుడుగా ఉంటాయి. ముందు కారు చక్రాలు నీళ్ళను చీల్చుకుపోయిన జాడలో మీ చక్రాలు పోనివ్వండి, కానీ దూరంగా. ముందు కారు ఒక బోర్డు దాటాక మీరు అక్కడికి చేరడానికి నాలుగు సెకన్లు పట్టాలి.

కుడి మలుపుల దగ్గర కుడి వరుసలో ఉండకండి. ఎందుకో చెప్తాను. మామూలు చోట మన వైపు రోడ్డు ఎడమకు వాలి ఉంటుంది, మీటరుకు రెండు, రెండున్నర సెంటీమీటర్లు. వాన నీళ్ళు ఎడమ అంచు దాటి పోతాయి. కుడి మలుపు వచ్చినప్పుడు బండి బయటికి విసిరేసినట్టు పోకుండా వాలును కుడికి, అంటే డివైడరు వైపుకు తిప్పుతారు. అప్పుడు నీళ్ళన్నీ డివైడరు పక్కకు చేరతాయి. అక్కడ నీళ్ళు పోయే కంతలు మట్టితో, గుట్కా ప్యాకెట్లతో పూడిపోయి ఉంటే, అందరికంటే వేగంగా పోయే వరుసలోనే మడుగు నిలుస్తుంది. వాలు ఎడమ నుంచి కుడికి మారే మధ్యలో కొంత దూరం రోడ్డు బల్లపరుపుగా ఉంటుంది, అక్కడ నీళ్ళు ఎటూ పోలేవు.

ఆ మడుగులోకి కారు కుడి చక్రాలు మాత్రమే దిగాయనుకోండి. నీళ్ళు వాటిని పట్టి లాగుతాయి, కారు డివైడరు వైపుకు గుంజుకుపోతుంది. మనిషి బెదిరిపోయి స్టీరింగు ఎడమకు విరుస్తాడు. టైరు నీళ్ళ మీద ఉన్నంతసేపు ఆ విరుపుకు ఏమీ కాదు. మడుగు దాటి టైరుకు రోడ్డు దొరికిన క్షణంలో, చక్రాలు ఎటు తిరిగి ఉన్నాయో అటు కారు ఒక్కసారిగా దూకుతుంది. పక్క వరుసలో లారీ ఉంటే అంతే సంగతులు. కాబట్టి స్టీరింగు తేలికైనట్టు, ఇంజను హోరు ఒక్కసారిగా పెరిగినట్టు అనిపించిందా, ఆక్సిలరేటరు మీంచి కాలు మెల్లగా తీయండి. బ్రేకు గట్టిగా తొక్కకండి. స్టీరింగును పోతున్న దారికే గట్టిగా పట్టుకోండి. ఒకటి రెండు సెకన్లలో వేగం తగ్గి టైరు మళ్ళీ రోడ్డు మీదికి దిగుతుంది. ఆ రెండు సెకన్లూ మహా టెన్షన్, కానీ ఏమీ చేయకపోవడమే చేయాల్సిన పని. "ఏబీఎస్ ఉంది కదా" అంటారు. ఏబీఎస్ అంటే బ్రేకు తొక్కినప్పుడు చక్రం బిగుసుకుపోకుండా చూసేది. 2019 ఏప్రిల్ నుంచి మన దేశంలో అమ్మే కొత్త కార్లన్నిటికీ ఏబీఎస్ ఉండాల్సిందే, నిజమే. అది టైరు రోడ్డును తాకుతున్నప్పుడు పనిచేసే వస్తువు.

హైవే ఎక్కగానే, కాలు పెట్టకుండానే కారును ఒకే వేగంలో నడిపే క్రూజ్ కంట్రోల్ పెట్టి కాళ్ళు ముడుచుకుని కూర్చునేవాళ్ళు ఇప్పుడు ఎక్కువయ్యారు. తడి రోడ్డు మీద దాన్ని తీసేయండి. టైరు తేలినప్పుడు మీరు కాలు తీయాలి, అక్కడ మీ కాలే లేదు.

ఇప్పుడు హజార్డ్ లైట్లు. మీ అర పేజీలో తీసేయాల్సింది ఏదైనా ఉంటే ఈ సలహానే. నాలుగు లైట్లూ మిణుకుమంటే వెనకవాడికి ఈ బండి ఆగి ఉందో, పోతోందో తెలియదు. మీరు వరుస మారినప్పుడు ఇండికేటరు కూడా చాలా కార్లలో కనబడదు. బండి రోడ్డు పక్కన ఆపినప్పుడే అవి వేయాలి. వానలో పోతున్నప్పుడు హెడ్‌లైట్లు డిమ్‌లో వేస్తే వెనక ఎర్ర లైట్లు వాటంతటవే వెలుగుతాయి. కొత్త కార్లలో పగటి లైట్లు ముందు వెలుగుతుంటే సరిపోయిందనుకుంటారు. చాలా కార్లలో వాటితో వెనక లైటు వెలగదు, ఒకసారి దిగి చూసుకోండి.

బైకుల గురించి ఎక్కువ రాయను. వాటి టైరు గుండ్రంగా ఉండి నీళ్ళను చీల్చుకుపోతుంది, ఊళ్ళో పోయే వేగానికి తేలడం అరుదు. వాళ్ళను పడేసేవి జీబ్రా గీతల రంగు, మ్యాన్‌హోల్ మూతలు, మెట్రో పనుల దగ్గర పరిచిన ఇనప రేకులు. వాటి మీద బండి వంచకుండా, బ్రేకు పట్టకుండా పోవాలి.

మీకు ఒక విన్నపం. జాతీయ రహదారుల మీద ఏ ఇబ్బంది ఉన్నా 1033కు ఫోను చేయొచ్చు. పాఠకులు డివైడరు పక్కన మడుగు చూసినప్పుడు, కారులో ఇంకొకరుంటే వాళ్ళ చేత, పక్కనున్న కిలోమీటరు రాయి నంబరు చెప్పించి ఫిర్యాదు చేయమని మీరు రాయండి. దసరా రద్దీ మొదలయ్యేలోపు మీ విలేకరులు ఒకరిద్దరు, పెద్ద వాన ఆగిన పావుగంటకు, దేవనహళ్ళి నుంచి కొడికొండ చెక్‌పోస్టు దాకా ఒకసారి పోయి రావాలి. కుడి వరుసలో నీళ్ళు నిలిచిన చోటల్లా ఫొటో తీసి, రాయి నంబరుతో సహా పేపర్లో వేయండి. పండక్కి పోయేవాళ్ళకు ఏ మలుపులో ఎడమకు రావాలో తెలుస్తుంది. కంతలు తవ్వాల్సినవాళ్ళకు ఎక్కడ తవ్వాలో తెలుస్తుంది. ఆ జాబితా కత్తిరించి నా షాపులో, నాసా లెక్క పక్కన అంటిస్తాను.

ఇట్లు,
మీ పాఠకుడు,
టైర్ల షాపు, మారతహళ్లి,
బెంగళూరు.